కెమెరాలో నూనె ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

మా పెదనాన్నగారికి తెనాలిలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకు ఆయన మెడలో వేసుకుని వెళ్లిన యాషికా 635 కెమెరా నా చేతికి వచ్చేసరికి, పదిహేనేళ్లుగా బీరువాలో తోలు కవర్లోనే ఉండిపోయింది. రీలు తిప్పే నాబ్ బాగానే తిరిగింది. ఫోకస్ కూడా కదిలింది. వెలుగును రీలు మీదికి కాసేపు వదిలి ఆపే షట్టర్‌ను మాత్రం ఒక సెకను స్పీడులో, అంటే ఒక సెకను తెరిచి ఉండేలా, పెట్టి నొక్కితే తెరుచుకునేది, మూసుకునేది కాదు. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. కిర్రుమనే తలుపు బందుకైనా, బిగుసుకుపోయిన సైకిల్ చైనుకైనా మన ఇళ్లలో తెలిసిన వైద్యం ఒక్కటే. అమ్మ కుట్టు మిషన్ పక్కనున్న నూనె డబ్బా తెచ్చి, షట్టర్ మీటలు కదిలే సందుల్లోంచి రెండు చుక్కలు వేశాను. వెంటనే పనిచేసింది. అన్ని స్పీడులూ టకటకా పలికాయి. పదిహేను రోజుల తర్వాత తీసి చూస్తే షట్టర్ బ్లేడ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, తెరుచుకోవడమే మానేశాయి.

ఆ తప్పు సరిదిద్దుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మధ్యలో ఒక వాచీ మెకానిక్ దగ్గర ఆదివారాలు కూర్చుని, సూది మొనతో నూనె పెట్టడం ఎలాగో చూసి నేర్చుకున్నాను. అప్పటి నుంచి మూలపడ్డ కెమెరాలు చాలానే విప్పాను. వీటి గురించి ఎవరు మాట్లాడినా మొదట అడిగేది "ఏ ఆయిల్ వేయాలి?" అని. జవాబు ఉంది గానీ అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. నేను విప్పిన వాటిలో దాదాపు ఏ కెమెరా కూడా నూనె చాలక ఆగిపోలేదు. ఎప్పుడో వేసిన నూనె చిక్కబడో, ఉండకూడని చోటికి పాకో ఆపేసింది. ఈ పనిని మెకానిక్‌లు సీఎల్‌ఏ అంటారు: శుభ్రం చేయడం, నూనె పెట్టడం, సరిచూడడం. సమయమంతా మొదటిదానికే పోతుంది.

నూనె ముసలిదైతే

గ్రీజు అంటే చిక్కటి నూనె అని అనుకుంటాం. నిజానికి అందులో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి పలుచటి నూనె. రెండోది ఆ నూనెను స్పాంజిలా పీల్చి పట్టుకునే లోహపు సబ్బు, ఎక్కువగా లిథియం సబ్బో కాల్షియం సబ్బో. ఆవకాయ జాడీని కదపకుండా ఉంచితే పిండి కిందికి దిగి నూనె పైకి తేలుతుంది కదా, గ్రీజులోనూ అలాగే నూనె మెల్లగా విడిపోతుంది. విడిపోయిన నూనె ఉన్నచోట ఉండదు. లెన్సు మరల్లోంచి లోహం వెంబడి పలచటి పొరగా పాకుతూ, వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నది పెద్దది చేసే అపర్చర్ బ్లేడ్ల మీదికి, కొన్ని కెమెరాల్లో అక్కడి నుంచి షట్టర్ బ్లేడ్ల మీదికి చేరుతుంది. మిగిలిపోయిన సబ్బు మరల్లోనే మైనంలా గట్టిపడుతుంది. అందుకే ఒకే కెమెరాలో ఫోకస్ బిగుసుకుపోయి, బ్లేడ్లు జిడ్డుగా ఉండటం కనిపిస్తుంది. రెండు జబ్బులకూ కారణం ఒకే గ్రీజు.

గాలి తగిలి నూనె తానే మారిపోవడం ఇంకొకటి. వంటింట్లో నూనె డబ్బా పెట్టే గట్టు మీద కొన్నాళ్లకు పసుపుపచ్చటి బంక పొర కడుతుంది. సబ్బు నీళ్లకు కూడా లొంగదు. ఒకప్పుడు అది వేళ్ల మధ్య జారిన నూనే. వంట నూనెలేవీ కెమెరా దగ్గరికి రాకూడదనడానికి ఆ పొరే రుజువు. కొబ్బరి నూనె అంత తొందరగా బంకకట్టదు గానీ, దానితో వేరే చిక్కుంది. సుమారు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. జనవరిలో హైదరాబాదులో పొద్దున్నే సీసా చూస్తే తెలుస్తుంది. పెట్రోలియం నూనెలు వీటికంటే చాలా కాలం ఓర్చుకుంటాయి. అయినా నలభై యాభై ఏళ్లంటే వాటికీ ఎక్కువే. మన ఎండలు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. మే నెలలో మూసిన కారులో వదిలేసిన కెమెరాలో గ్రీజు పలుచబడి, ఒక్క మధ్యాహ్నంలోనే బోలెడంత నూనె వదులుతుంది.

ఇత్తడి భాగాలు ఉన్నచోట గ్రీజులోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి పచ్చటి మడ్డిగా మారతాయి. 1950లలో అగ్ఫా తయారుచేసిన ఐసొలెట్ మడత కెమెరాలు చేతిలోకి తీసుకున్న వాళ్లందరికీ ఈ పచ్చ గ్రీజు తెలుసు. లెన్సు ముందు అద్దం తిప్పితే ఫోకస్ మారాలి. ఆ గ్రీజు సిమెంటులా పట్టేయడంతో ముందు అద్దం, దాని వెనక అద్దం ఒకటిగా అతుక్కుపోయి రెండూ కలిసి తిరుగుతాయి. బయటి నుంచి చూస్తే ఫోకస్ తిరుగుతూనే ఉంటుంది. ఫోటోలు మాత్రం ఒక్కటీ స్పష్టంగా రావు. అమ్మేవాళ్లు "అంతా పనిచేస్తోంది" అని నిజాయితీగానే చెబుతారు, వాళ్లకూ తెలియదు.

షట్టర్ చేసే పని

యాషికా 635లో ఉండేది కోపాల్ ఎంఎక్స్‌వీ షట్టర్. లెన్సు అద్దాల మధ్య పలచటి ఉక్కు బ్లేడ్లు పువ్వు రేకుల్లా ఒకదానిమీదొకటి సర్దుకుని ఉంటాయి. మీట లాగినప్పుడు ఒక స్ప్రింగు బిగుసుకుంటుంది. నొక్కగానే ఆ స్ప్రింగు ఒక వలయాన్ని తిప్పుతుంది, వలయం బ్లేడ్లను తెరిచి మళ్లీ మూస్తుంది. 1/500 స్పీడు అంటే సెకనులో 500వ వంతు, ఆ పనంతా 2 మిల్లీసెకన్లలో అయిపోవాలి. అంత వేగంగా వెళ్లి ఆగాల్సిన బ్లేడ్లు తేలిగ్గా ఉండాలి, వాటిని కదిపే స్ప్రింగులో బలం కూడా లెక్కగానే పెడతారు. ఎక్కువ బలం పెడితే బ్లేడ్లు వంగిపోతాయి. అంటే ఏ చిన్న అడ్డు వచ్చినా దాన్ని తోసుకుపోయే మిగులు బలం ఆ స్ప్రింగుకు ఉండదు.

ఇక్కడే నూనె శత్రువవుతుంది. రెండు గాజు పలకలను తడిపి ఒకదానిమీదొకటి పెట్టి విడదీయబోతే ఎంత పట్టుకుంటాయో చూడండి. చదునుగా, దగ్గరగా ఉన్న రెండు ఉపరితలాల మధ్య ద్రవం చేరితే అది జారనివ్వదు, అతికిస్తుంది. బ్లేడ్లు అచ్చంగా అలాంటివే. అందుకే వాటిని తయారుచేసినప్పుడే పొడిగా తిరిగేలా చేశారు. బ్లేడ్ల మీద నూనె ఉండకూడదు, ఏ రకం నూనైనా, ఎంత ఖరీదైనదైనా, ఒక్క పొర కూడా. నేను వేసిన రెండు చుక్కలు మొదట గేర్లలోని పాత జిడ్డును కరిగించాయి, అందుకే ఆ టకటక. ఆ తర్వాత కరిగిన జిడ్డుతో సహా జారి బ్లేడ్ల మధ్యకు దిగాయి.

నెమ్మది స్పీడుల సంగతి వేరు. 1 సెకను, 1/2, 1/4 లాంటి వాటికి బ్లేడ్లు తెరుచుకున్నాక వలయం ఆగి నిలబడాలి. అందుకోసం లోపల గడియారంలో ఉండేలాంటి చిన్న గేర్ల వరస పెట్టారు. వలయానికి ఉన్న ఒక కొక్కెం ఆ గేర్లను తిప్పుకుంటూ ముందుకు వెళ్లాలి. వరస చివర నక్షత్రం ఆకారంలో ఒక చక్రం, దాని పళ్ల మధ్య అటూఇటూ కొట్టుకునే పాలెట్ అనే చిన్న ముక్క ఉంటాయి. నెమ్మది స్పీడులో వినిపించే జుర్‌ర్ అనే చప్పుడు ఆ పాలెట్‌దే. స్పీడు రింగు తిప్పితే గేర్ల దారిలో కొక్కెం ఎంత లోతుగా వెళ్లాలో మారుతుంది. వరస చివరికి వచ్చేసరికి స్ప్రింగు బలం చాలా తక్కువ మిగులుతుంది. అక్కడి ఇరుసు రంధ్రంలో వెంట్రుకంత జిడ్డు చేరినా సరే, పాలెట్ ఆగిపోతుంది. షట్టర్ అలా తెరుచుకునే ఉండిపోతుంది.

ఈ రెండూ తెలిస్తే కెమెరా విప్పకుండానే జబ్బు సగం పట్టేయొచ్చు. 1/500, 1/250 బాగా పలుకుతూ 1 సెకను మాత్రం ఆగిపోతుంటే లోపం గేర్ల వరసలో ఉంది. అన్ని స్పీడుల్లోనూ బ్లేడ్లు మొరాయిస్తుంటే జిడ్డు బ్లేడ్ల మీద ఉంది. జుర్‌ర్ చప్పుడు మొదట్లో సాఫీగా వచ్చి చివర్లో సాగుతూ నీరసపడితే గ్రీజు చిక్కబడింది. మొదటి నుంచీ ఆగుతూ సాగుతూ ఉంటే దుమ్మో తుప్పో అడ్డుపడుతోంది. చెవి దగ్గర పెట్టుకుని వినడం అలవాటు చేసుకోండి, ఏ పరికరమూ చెప్పనన్ని సంగతులు ఆ చప్పుడు చెబుతుంది.

విప్పడం, కడగడం

చివరికి ఒక సెలవు రోజు నేను ఆ 635ను విప్పాను. బల్ల మీద మందపాటి తెల్ల తువ్వాలు పరిచాను, జారిపడ్డ స్క్రూ ఎగిరిపోకుండా. స్క్రూలు ఒక్కోటీ ఐస్ ట్రే గళ్లలో వరుసగా పెట్టాను, ప్రతి మెట్టుకీ ఫోన్‌తో ఫోటో తీశాను. జపాన్ కెమెరాల స్క్రూల తలలు చూడ్డానికి మామూలు నాలుగు గీతల స్క్రూల్లాగే ఉంటాయి. కొలత వేరు. బజారులో దొరికే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా దిగక తలను చెక్కేస్తుంది. జేఐఎస్ అనే జపాన్ ప్రమాణపు కొలత స్క్రూడ్రైవర్ కొనడం ఈ పనిలో మొదటి ఖర్చు. అది లేకుండా మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను.

ముందు పలక మీది రెక్సిన్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి అంచు నుంచి మెల్లగా లేపితే కింద నాలుగు స్క్రూలు కనిపించాయి. పలక తీసి, ముందు అద్దాన్ని చేత్తో విప్పి, స్పీడు రింగును పట్టి ఉంచే వలయం తీశాక షట్టర్ ముఖం బయటపడింది. గేర్ల చుట్టూ గోధుమరంగు మరక, ఎండిన టీ కప్పు అడుగులా. మధ్యలో మూసుకుపోయిన బ్లేడ్ల మీద దీపం వెలుగు పడితే ఇంద్రధనుస్సు రంగులు మెరిశాయి. అది ఎప్పుడో నేను వేసిన మిషన్ నూనె. అన్నేళ్లూ అక్కడే ఉంది.

కడగడానికి వాడేది నాఫ్తా. సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం ఇదే. జిడ్డును కరిగిస్తుంది, తొందరగా ఆవిరవుతుంది, తర్వాత ఏమీ మిగల్చదు. బంకులో దొరికే పెట్రోలు వాడకూడదు, అందులో కలిపే పదార్థాలు ఆరాక పొరలా మిగులుతాయి, ఆవిరి ఒంటికి మంచిది కాదు. నాఫ్తాకు నిప్పు చాలా తేలిగ్గా అంటుకుంటుంది. గ్యాస్ పొయ్యి, దీపం, అగరుబత్తి ఉన్న గదిలో సీసా మూత తీయకండి. కిటికీలు తెరిచి ఉండాలి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. షట్టర్ విప్పకుండా, ముందు అద్దం ఒక్కటి తీసి నాఫ్తా పోసి పదిసార్లు నొక్కుతారు. తడిగా ఉన్నంతసేపూ అద్భుతంగా పనిచేస్తుంది. మర్నాటికి మళ్లీ మొదటికే వస్తుంది. మురికి గుడ్డతో గచ్చు తుడిస్తే తడి ఆరగానే చారలు తేలినట్టు, కరిగిన జిడ్డు బయటికి పోక షట్టర్ అంతటా పలచగా పరుచుకుని ఆరిపోతుంది. గేర్ల దగ్గరున్న మడ్డి కొంత బ్లేడ్ల మీదికి కూడా చేరుతుంది. జిడ్డు కరిగించడం సగం పనే, కరిగినదాన్ని బయటికి తీయాలి.

నేను గేర్ల వరసను రెండు స్క్రూలు విప్పి విడిగా తీసి, చిన్న ఇంజెక్షన్ సీసాలో పోసిన నాఫ్తాలో ముంచాను. మొదటిసారి ద్రవం పలుచటి టీ రంగుకు తిరిగింది. పారబోసి కొత్తది పోశాను. మూడోసారికి తేటగా ఉండిపోయింది. బ్లేడ్లకు వేరే పద్ధతి. దూదిపుల్లను తడిపి తాకించడం, షట్టర్ తెరిచి మూయడం, పొడి టిష్యూ ముక్కతో అద్దడం, మళ్లీ మొదటి నుంచి. ఆరాక వేలిముద్రంత మరక కూడా మిగలని దాకా పదిహేను సార్లు చేశాను. ఆ తర్వాత ఒక రాత్రంతా గాజు గిన్నె బోర్లించి ఆరనిచ్చాను. ఆవిరి పూర్తిగా పోకముందే లెన్సు బిగిస్తే అది అద్దం లోపలివైపు మసకగా పట్టేస్తుంది.

మర్నాడు ఒక్క చుక్క నూనె కూడా పెట్టకుండా షట్టర్ నొక్కాను. ఒక సెకను స్పీడు తడబడకుండా చివరి దాకా పలికింది.

ఇక నూనె

శుభ్రంగా ఉన్న షట్టర్ పొడిగా కూడా పనిచేస్తుంది. మరి నూనె ఎందుకంటే, లోహం మీద లోహం ఏళ్ల తరబడి రాసుకుంటే అరుగుతుంది. అరుగుదల ఎక్కడ జరుగుతుందో అక్కడికే నూనె కావాలి. గేర్ల ఇరుసులు తిరిగే రంధ్రాల్లో కావాలి, గేర్ల పళ్లకు వద్దు. పళ్ల మధ్య నూనె దుమ్మును పట్టి గంధంలా నూరుతుంది. పాలెట్ ఇరుసును చాలామంది మెకానిక్‌లు పొడిగానే వదిలేస్తారు, నేనూ అంతే. స్ప్రింగు బలంగా ఒత్తే మీటల దగ్గర, వలయం జారే అంచు మీద మాత్రం కంటికి కనబడీ కనబడనంత గ్రీజు చాలు.

వాడాల్సింది వాచీ నూనె. స్విట్జర్లాండ్ కంపెనీ మోబియస్ చేసే సింథటిక్ నూనెలు వాచీల సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. ఒక చిన్న సీసా ఒక మనిషి జీవితకాలానికి సరిపోతుంది. మామూలు నూనెకూ దీనికీ ముఖ్యమైన తేడా జారుడుతనంలో లేదు. ఇది పెట్టినచోట నిలబడుతుంది, త్వరగా ఆవిరవదు. ఇంత జాగ్రత్తగా చేసిన నూనె కూడా కొంత పాకుతుందని వాచీల వాళ్లు ఇరుసు చుట్టూ ఎపిలేమ్ అనే పూత వేస్తారు. తామరాకు మీద నీటిబొట్టులా నూనె ఆ పూత మీద విస్తరించలేదు. కెమెరాకు అంత దూరం వెళ్లనక్కర్లేదు. చుక్క చిన్నదిగా ఉంటే చాలు.

ఎంత చిన్నది? సన్నటి సూది మొనను నూనెలో తాకించి తీస్తే దాని చివర మెరుపులా నిలిచేదంత. ఆవగింజలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇరుసు దగ్గర తాకించగానే రంధ్రం దాన్ని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. లాక్కున్నాక బయట ఏమైనా కనబడితే ఎక్కువైనట్టే, కాగితం కొసతో తీసేయాలి. నా 635 మొత్తానికి అలాంటి తాకింపులు ఎనిమిదో తొమ్మిదో పెట్టాను. ఆనాడు నేను వేసిన రెండు చుక్కల్లో ఇలాంటి కెమెరాలు వందకు సరిపోయేంత నూనె ఉండి ఉంటుంది.

గుడ్డ తెర ఉన్న కెమెరాలు

లైకా, జోర్కీ, జెనిట్, పెంటాక్స్ కె1000 లాంటి వాటిలో షట్టర్ లెన్సులో ఉండదు, రీలుకు ముందు ఉంటుంది. రబ్బరు పూత పూసిన గుడ్డ తెరలు రెండు. మొదటిది తెరుచుకుంటూ పోతుంది, రెండోది మూసుకుంటూ వెంబడిస్తుంది. ఎక్కువ స్పీడుల్లో ఈ రెండింటి మధ్య సన్నటి చీలిక మాత్రమే రీలు మీదుగా జారుతుంది. లెక్క వేసి చూద్దాం. 36 మిల్లీమీటర్ల వెడల్పును తెర సుమారు 14 మిల్లీసెకన్లలో దాటుతుందనుకుంటే, 1/1000 స్పీడులో చీలిక వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. మొదటి తెర పాత గ్రీజు వల్ల దారిలో ఒక్క మిల్లీసెకను వెనకబడితే రెండో తెర దాన్ని అందుకుంటుంది, చీలిక మూసుకుపోతుంది. ఫోటోలో ఒక పక్క మొత్తం నల్లబడుతుంది.

అలాంటప్పుడు తెరను లాగే స్ప్రింగు బిగించాలన్న ఆశ పుడుతుంది. కింది కప్పు తీస్తే బిగించే స్క్రూలు ఎదురుగానే ఉంటాయి కూడా. దయచేసి ముందు అది చేయకండి. తెరలు చుట్టుకునే రోలర్ల ఇరుసుల్లో మడ్డి తీసి, వాచీ నూనె తాకించి చూస్తే చాలాసార్లు పాత బిగువే సరిపోతుంది. మడ్డిని అలాగే ఉంచి స్ప్రింగు బిగిస్తే ఆ బలమంతా గుడ్డ మీద, దాని పట్టీల మీద పడుతుంది. ఈ పనిలో నాఫ్తా గుడ్డకు తగలకూడదు, రబ్బరు పూతను తినేస్తుంది. లైకా, జోర్కీల్లో లెన్సుకూ తెరకూ మధ్య వ్యూఫైండర్‌కు బొమ్మ చూపే అద్దం అడ్డు ఉండదు కాబట్టి లెన్సు మూత తీసి ఎండలో పెడితే లెన్సు భూతద్దంలా పనిచేసి తెరకు చిల్లు పెడుతుంది. చీకటి గదిలో లోపలి నుంచి టార్చి వేసి చూస్తే ఆ చిల్లులు నక్షత్రాల్లా కనిపిస్తాయి.

లెన్సు మరలు, అద్దాలు

ఫోకస్ బిగుసుకున్న లెన్సును బలంగా తిప్పితే లోపలి చిన్న స్క్రూలు విరుగుతాయి. విప్పి కడగాలి. కానీ ఫోకస్ మరలు సీసా మూత మరల్లాంటివి కావు. ఒకే చోట కాకుండా చుట్టూ చాలా చోట్ల మొదలవుతాయి. విడిపోయిన చోటు గుర్తుపెట్టుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు పక్క మొదలులోకి ఎక్కుతుంది. అంతా బాగానే తిరుగుతుంది గానీ దూరపు వస్తువు ఎప్పటికీ ఫోకస్‌లోకి రాదు. మెల్లగా విప్పుతూ రెండు ముక్కలూ విడివడే ఆ క్షణాన ఆపి, రెండింటి మీదా సూదితో గీత గీయాలి. ఈ గీత గీయకుండా విప్పి, మూడు గంటలు ఒక్కో మొదలూ ప్రయత్నించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

బిగించాక దూరపు ఫోకస్ తప్పక చూడాలి. వెనక తలుపు తెరిచి, రీలు సాగే పట్టాల మీద పాలరంగు టేపు బిగువుగా అంటించి, షట్టర్‌ను బీ (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే) గుర్తు మీద తెరిచి ఉంచి, కిలోమీటరు దూరంలోని సెల్ టవర్‌ను ఆ టేపు మీద భూతద్దంతో చూడటం ఇంట్లో చేసుకోగల పరీక్ష. ఎంత ఖచ్చితంగా ఉండాలంటే, 35 ఎంఎం రీలు మీద, అపర్చర్‌ను బాగా తెరిచిన ఎఫ్2 దగ్గర 0.06 మిల్లీమీటర్లు తప్పితే పదును పోతుంది. రాసుకునే కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు.

అద్దాల్లో మసకకూ బూజుకూ తేడా తెలుసుకోవాలి. టార్చి వేసి చూస్తే ఊపిరి ఊదినట్టు పలచగా, అంతటా ఒకేలా ఉంటే అది నూనె ఆవిరి, తుడిస్తే పోతుంది. వేర్లలా, సాలెగూడులా పాకి ఉంటే బూజు. హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా సమంగా కలిపిన ద్రవంతో దాన్ని చంపి తుడుస్తారు. కానీ అది విడిచిన ఆమ్లం పూతను ఇప్పటికే తిని ఉంటే ఆ గుర్తు ఉండిపోతుంది. రెండు అద్దాలు జిగురుతో అతికించిన ముక్కలను ఏ ద్రావకంలోనూ నానబెట్టకూడదు.

తాకకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. వ్యూఫైండర్‌కు బొమ్మ చూపే అద్దానికి వెండి పూత వెనక కాదు, ముందే ఉంటుంది. దూది గట్టిగా రాస్తే ఊడివస్తుంది. ఫోకసింగ్ స్క్రీన్ ప్లాస్టిక్‌దైతే నాఫ్తా చుక్క చాలు, శాశ్వతంగా పాడవుతుంది. 1960ల తర్వాతి జపాన్ కెమెరాల తలుపు అంచుల్లో ఉండే నల్ల ఫోమ్ మన తేమకు తారులా కరిగి రీలుకూ షట్టర్‌కూ అంటుకుంటుంది. దాన్ని అగ్గిపుల్లతో గీకి తీసి, నల్ల ఉన్ని దారం అతికిస్తే చాలు. ఈ ఒక్క పనీ ఎవరైనా భయం లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు.

సరిచూడడం, దాచుకోవడం

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. తెరిచిన కెమెరా వెనక దీపం పెట్టి, షట్టర్ తెరుచుకుని ఉన్న ఫ్రేములు లెక్కపెట్టండి. 1 సెకనుకు 240 రావాలి, 1/30కి 8 రావాలి. అంతకంటే ఎక్కువ స్పీడులకు ఈ లెక్క నమ్మదగింది కాదు. 240 బదులు 300 వచ్చినా కంగారు పడక్కర్లేదు, వెలుగులో తేడా స్టాపులో (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు) మూడో వంతే, నెగెటివ్ రీలు దాన్ని సులువుగా భరిస్తుంది. నా 635 కడిగాక 1 సెకనుకు 262 ఇచ్చింది. సరిచేయబోలేదు. యాభై ఏళ్లు దాటిన స్ప్రింగును ఆ మాత్రం తేడా కోసం కదిలించడం నాకు ఇష్టం లేకపోయింది. ప్రతిసారీ అదే 262 వస్తుందా లేదా అన్నది ముఖ్యం. ఒకసారి 250, ఒకసారి 400 వస్తే లోపల ఇంకా జిడ్డు ఉంది.

దాచేటప్పుడు షట్టర్ స్ప్రింగు బిగించి ఉంచకండి. పాత లెన్సు షట్టర్లలో వీ గుర్తున్న సెల్ఫ్ టైమర్ జోలికి పోకండి, అది మధ్యలో ఆగితే షట్టర్ మొత్తం బిగుసుకుంటుంది. పాత కాంపూర్ షట్టర్లలో 1/500 కావాలంటే మీట లాగకముందే పెట్టాలి, జోర్కీ-4లో రీలు తిప్పే నాబ్‌తో షట్టర్ బిగించాకే స్పీడు మార్చాలి. నెలకోసారి అన్ని స్పీడులూ నాలుగైదుసార్లు పలికించండి. తోలు కవర్లు అందంగా ఉంటాయి గానీ తేమను పట్టి బూజు పెంచుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో అయితే కవరు ఒకచోట, కెమెరా ఇంకోచోట ఉండాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ ఎప్పుడూ 40 నుంచి 50 శాతం మధ్య ఉందో లేదో చూసుకోవడానికి చిన్న మీటరు ఉంటే సరిపోతుంది.

విప్పే ధైర్యం లేకపోతే మెకానిక్‌కు ఇవ్వడమే మంచిది, అందులో తప్పేమీ లేదు. అయితే కౌంటర్ దగ్గర "కొంచెం ఆయిల్ వేయండి" అనకండి. చాలామంది అడిగింది అడిగినట్టు చేసేస్తారు. ఏ స్పీడులో ఆగుతోంది, చప్పుడు ఎలా ఉంది, ఎన్నాళ్లు పక్కన పడి ఉంది, ఇంతకుముందు ఎవరైనా నూనె వేశారా, ఇవి ఒక చీటీ మీద రాసి కెమెరాతో పాటు ఇవ్వండి. గేర్ల వరస విడిగా తీసి కడుగుతారా అని అడగండి. "అక్కర్లేదు, స్ప్రే కొడితే అయిపోతుంది" అన్నారంటే కెమెరాను మళ్లీ సంచిలో పెట్టుకుని వచ్చేయండి.